కుటుంబానికి ఒకటే నంబరు

దుప్పటి మడత పెడుతున్నాను. రెండు కొసలూ గడ్డం కింద బిగించి పట్టుకున్నాను, రెండో మనిషి సాయం లేకుండా పెద్ద దుప్పటి మడవాలంటే అదొక్కటే దారి. రెండో మనిషి ఎదురుగా కుర్చీలోనే ఉన్నారు, మా ఆయన. ఫోను చూసుకుంటున్నారు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన కోడలు సంచి కూడా దింపకుండా అడిగింది.

"అత్తయ్యా, గురువారం మా ఆఫీసుకి వస్తారా? ఆసుపత్రి వాళ్ళకి వెబ్‌సైటు చేస్తున్నాం. అరవై దాటినవాళ్ళు, కంప్యూటరు అలవాటు లేనివాళ్ళు ఐదుగురు కావాలి. వాళ్ళకి వాడటం వస్తోందో లేదో చూడాలి."

గడ్డం కింద దుప్పటి ఉంది, నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఏమీ రానివాళ్ళే కావాలంటే ఇంతకంటే మంచి మనిషి నీకెక్కడ దొరుకుతుందమ్మా? పట్టుకెళ్ళు."

నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వేస్తే ఆ మాట అక్కడితో పోతుంది. నవ్వకపోతే జోకు కూడా అర్థం కాదు అని ఇంకోటి వచ్చి పడుతుంది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న లెక్క అది. కోడలు మాత్రం నవ్వలేదు.

కోడలి పనేమిటని ఎవరైనా అడిగితే "తెర మీద బొమ్మలేస్తుంది" అని చెబుతారు మా ఆయన. అది బొమ్మలెయ్యడం కాదని నాకు ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. మా ముందుగది గోడకి పదకొండు స్విచ్చులు. అన్నీ తెల్లవి, అన్నీ ఒకే పోత. ఫ్యాను వెయ్యబోయి లైటు వేస్తాను, లైటు ఆర్పబోయి టీవీ ఆర్పేస్తాను, ఆయన వార్తలు మధ్యలో ఆగిపోతాయి. ఇరవై ఏళ్ళుగా అదే గోడ, ఇంకా రాలేదు దీనికి, అనేవారు. ఆ పిల్ల రెండు రోజులు ఊరికే చూసింది. మూడో రోజు తన గోళ్ళరంగు సీసా తెచ్చి ఫ్యానుకి ఒక చుక్క, లైట్లకి రెండేసి చుక్కలు, టీవీకి అడ్డగీత పెట్టింది. అన్నీ ఒకేలా పెట్టి కనుక్కోమంటే ఎవరు మాత్రం కనుక్కుంటారత్తయ్యా, తప్పు మీది కాదు, గోడది, అంది. గోడ పాడుచేశారని ఆయన రెండు రోజులు సణిగారు. ఇప్పుడాయన కూడా చుక్కలు చూసే నొక్కుతారు, ఒప్పుకోరు గానీ.

అందుకని వస్తానన్నాను. అన్నాక, ఎంతసేపు పడుతుందని అడిగాను. గంట అంది. గంటసేపు కుర్చీలో కూర్చోవాలి అంది.

పదకొండేళ్ళయింది నేను ఏ కుర్చీలోనైనా గంటసేపు కూర్చుని. గర్భసంచి కిందికి జారింది. దాని పేరు కూడా నాకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి బస్సులో పక్క సీటావిడ తన అక్క అవస్థ ఇంకెవరికో చెబుతుంటే విని, ఓహో నాదీ ఇదే అని గుర్తుపట్టాను. మూడో కాన్పయిన ఆరో రోజు నుంచి నేను నీళ్ళు మోశాను. అప్పట్లో మేముండేది మూడో అంతస్తు, కుళాయేమో కింద వాకిట్లో. బాలింతనని గోడ పట్టుకుని నిలబడితే, బకెట్లు వాటంతటవే మెట్లెక్కి వస్తాయా అంది మా అత్తగారు. ఆవిడా అలాగే మోసి ఉంటుంది, పాపం, ఆవిణ్ణి అని ఏం లాభం. పూటకి ఎనిమిది బకెట్లు. అప్పుడే లోపల ఏదో సడలింది, పదకొండేళ్ళ కిందట స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఆ రోజు స్నానాలగదిలో ఎంతసేపున్నానో. గీజరు కట్టెయ్యి, అని ఆయన కేక వేస్తే బయటికి వచ్చాను.

అప్పటి నుంచి పాతబట్ట మడతలు పెట్టుకుని తిరుగుతున్నాను. వాషింగ్ మెషిన్ వెనకాల, ఎవరూ చూడని చోట ఆరేసుకుంటాను. తుమ్మొస్తే కాళ్ళు దగ్గర పెట్టుకుంటాను. నిలబడే తింటాను. మీ అమ్మకి కూర్చునే యోగం లేదురా, అని ఆయన మా అబ్బాయితో అంటే ఇద్దరూ నవ్వుకుంటారు. ఒంట్లో బాగోలేదండీ అని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ, ఈ వయసులో ఎవరికి బాగుంటుంది, అన్నారు. తర్వాతి మాట నోటిదాకా రాలేదు. అబ్బాయికి ఎలా చెబుతాను. కోడలికి చెబుదామంటే, అది ఇంటికి వచ్చేసరికే సగం ప్రాణంతో ఉంటుంది, వచ్చీ రావడమే వంటింట్లోకి. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర ఏడేళ్ళుగా నిలబడుతున్నాం. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం, దీని గురించి మాట్లాడుకోలేదు.

గురువారం వెళ్ళాను. ఎనిమిదో అంతస్తులో చిన్న గది. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కన నోట్సు రాసుకునే ఒక అమ్మాయి. బయట బెంచీ మీద నాలాంటి వాళ్ళు ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వంతు కోసం. కోడలు నా దగ్గర ఉండకూడదట, ఉంటే సాయం చేసేస్తుందట. కోడలూ, వాళ్ళ మేనేజరూ పక్కగదిలో కూర్చుని నేనేం నొక్కుతున్నానో ఇంకో తెర మీద చూస్తారు, నా మాటలు వింటారు.

నోట్సమ్మాయి నెమ్మదస్తురాలు. పరీక్ష మీకు కాదమ్మా, ఈ పేజీకి, మీరు తప్పు చేశారంటే మేం తప్పు చేసినట్టు, అంది. ఒంట్లో ఏదో నలతగా ఉందనుకోండి, డాక్టరుని చూడ్డానికి ఇందులో టైము తీసుకోండి, అంతే. ఇదంతా ఉత్తుత్తిదే, ఎక్కడికీ వెళ్ళదు, ఏదైనా నొక్కొచ్చు. కాకపోతే ఒక్కటే నియమం, మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి అంటూ చెయ్యాలి.

"మనసులోవి పైకి అనేదాన్నయితే మా ఇంట్లో ఇన్నేళ్ళు ఉండేదాన్నా తల్లీ," అన్నాను. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే అదీ రాసుకుంది.

మోకాళ్ళ నొప్పి అని పెడదామనే వెళ్ళాను. తెర మీద బొమ్మలు వచ్చాయి, కన్ను, గుండె, పన్ను, మోకాలు. మోకాలి మీదికి బాణం తీసుకెళ్ళాను. అక్కడ ఆగింది నా చెయ్యి. ఎక్కడికీ వెళ్ళదంది కదా. ఉత్తుత్తిదే కదా. ఒక్కసారి, ఉత్తుత్తికైనా, అసలుదే అడిగితే ఎలా ఉంటుంది?

"ఆడవాళ్ళదెక్కడుందో వెతుకుతున్నాను," అన్నాను పైకి. గులాబీరంగులో ఒక బొమ్మ కనిపించింది, నిండు కడుపుతో ఉన్న పిల్ల. "ఇది నాది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళది. అరవై ఎనిమిదేళ్ళ దాన్ని ఇది నొక్కితే నవ్వుతారు. మరి నా వయసువాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? కాన్పులయ్యాక ఆడదానికి ఇంక ఆ ఒళ్ళు ఉండదనుకున్నారా?" ఆ అమ్మాయి గబగబా రాస్తోంది. తల ఎత్తలేదు. చివరికి ఆ కడుపుతో ఉన్న పిల్లనే నొక్కాను. ఇబ్బంది ఏమిటో ఎంచుకోమంది. నాలుగో వరసలో ఉంది, గర్భసంచి జారడం. అచ్చులో ఉంది. నా ఒక్కదానికే అనుకున్నదానికి అచ్చులో ఒక వరస ఉంది. అప్పుడు మాత్రం నేను పైకి ఏమీ అనలేదు. ఏమనుకుంటున్నారమ్మా అని అడిగింది ఆ అమ్మాయి. ఏమీ లేదు, కళ్ళజోడు మసకేసింది, అన్నాను.

అది నొక్కాను. మంగళవారం పదిన్నర ఎంచుకున్నాను. తర్వాత ఫోన్ నంబరు అడిగింది. కుటుంబం అంతటికీ ఒకటే నంబరు చాలు, అని కింద బొద్దుగా రాసి ఉంది. నాకు ఫోను లేదు. కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, మా ఆయనది. బడి ఫారాల్లో, గ్యాసు పుస్తకంలో, పోస్టులో, ఎక్కడ అడిగినా నా పేరు పక్కన రాసింది అదే. వేలు దానంతటదే పది అంకెలూ కొట్టేసింది. బల్ల మీద చీటీలో ఉన్న నాలుగంకెల కోడు కూడా వెయ్యమంటే వేశాను. ఆకుపచ్చ పట్టీ వచ్చింది, మీ అపాయింట్‌మెంటు ఖాయమైంది, అని నా పేరుతో.

నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా పేరు, నా ఇబ్బంది, ఒక రోజు, ఒక టైము, అన్నీ ఒకేచోట. ఉత్తుత్తిదే. అయినా అక్కణ్ణించి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

నోట్సమ్మాయి బాగా చేశారమ్మా అంటూ కాగితం తిప్పుతోంది. అంతలో నా కళ్ళ ముందే ఆకుపచ్చ పట్టీ బూడిదరంగులోకి మారింది. నేనేమీ నొక్కలేదు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. పట్టీ మీద అక్షరాలు మారాయి. మీ కోరిక మేరకు రద్దు చేయబడింది.

"నేను ముట్టుకోలేదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి తెర వైపు చూసి పెన్ను కింద పెట్టింది.

తలుపు తోసుకుని కోడలు వచ్చింది. చేతిలో ఫోను. వెనకాలే మేనేజరు. ఫోనులో మా ఆయన గొంతు నాకు అక్కడికే వినిపిస్తోంది, ఆయన ఫోనులో మాట్లాడితే వీధికంతా వినిపిస్తుంది.

"మీ అత్తయ్య ఏదో తప్పు నొక్కినట్టుందమ్మా. నా ఫోనుకి వచ్చింది, ఆడవాళ్ళ డాక్టరు, మంగళవారం అని. వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అనుంటే నొక్కేశాను. సరిచేశాను లే, కంగారుపడొద్దని చెప్పు."

సంగతేమిటో అప్పుడు బయటపడింది. ఆసుపత్రి పెద్దలకి చూపించడానికి ముందురోజు నిజంగా ఫోన్లకి మెసేజీలు వెళ్ళేలా కలిపారట, మళ్ళీ విడదియ్యడం మరిచిపోయారట. నేను ఉత్తుత్తి గదిలో కూర్చుని నొక్కింది నిజంగా మా ముందుగదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీలోంచి లేవకుండా ఒక్క వేలితో నా మంగళవారం తీసేశారు.

పదకొండేళ్ళు వాషింగ్ మెషిన్ వెనక దాచుకున్నది నలుగురి మధ్యకీ వచ్చేసింది. లేచి వెళ్ళిపోదామంటే లేస్తే ఏమవుతుందోనని భయం, కూర్చుని కూర్చుని నడుము కింద అంతా బరువెక్కింది.

మేనేజరు మర్యాదస్తుడే. ఇబ్బంది పెట్టినందుకు సారీ అమ్మా అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, మెసేజీలు విడదీసేస్తే సరిపోతుంది, పేజీలో తప్పేం లేదు, ఇంట్లో పెద్దాయన చూసుకున్నారు, రద్దు చెయ్యడం కూడా బాగా పనిచేసింది, సోమవారం అందరికీ తెరిచేద్దాం, అన్నాడు.

"లేదు సార్, తప్పుంది," అంది కోడలు. "కుటుంబానికి ఒకటే నంబరు అన్నది నేను. నా ఐడియానే. దానికి మీరందరూ చప్పట్లు కొట్టారు."

"ఇలాంటివి వెయ్యిలో ఒకటి వస్తాయి. ఆ ఒక్కదాని కోసం అంతా మార్చలేం."

ఆ ఒక్కదాన్ని నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఎప్పుడూ లేనిది నాకు గొంతు లేచింది, గట్టిగా కాదు గానీ లేచింది. "వెయ్యిదాకా ఎందుకు బాబూ, బయట బెంచీ మీద నలుగురున్నారు. ఎవరి నంబరు కంఠతా వచ్చో అడిగిరండి."

నోట్సమ్మాయి ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్ళింది. కోడలు నా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. అమ్మాయి తిరిగొచ్చి కాగితం చూసి చదివింది. ఇద్దరికి భర్తది. ఒకావిడకి కొడుకుది. నాలుగో ఆవిడకి తన నంబరే వచ్చట, కానీ ఆ ఫోను అల్లుడి దగ్గర ఉంటుందట.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. సోమవారం అని మొదలుపెట్టాడు. సోమవారం కాదు సార్, అంది కోడలు. మెసేజీ ఎవరికి వెళ్ళాలో ఎవరి అపాయింట్‌మెంటైతే వాళ్ళే చెప్పాలి, రద్దు కూడా వాళ్ళే చెయ్యాలి, ఫోను లేనివాళ్ళకి కాగితం ఇవ్వాలి, అవి లేకుండా తెరిస్తే పేజీ చేసినవాళ్ళ జాబితాలోంచి నా పేరు తీసెయ్యండి, అంది. ఇంట్లో మామగారు కూర బాగోలేదంటే మాట్లాడకుండా ఇంకో కూర చేసే పిల్ల. అతను మధ్యాహ్నం కూర్చుని మాట్లాడదాం అని వెళ్ళిపోయాడు.

అప్పుడు కోడలు నా ఎదురుగా నేల మీద కూర్చుంది, మోకాళ్ళ మీద. "అత్తయ్యా, అది ఉత్తుత్తికి నొక్కారా?"

"కాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాతో ఎందుకు చెప్పలేదు అంటుందనుకున్నాను. అనలేదు. ఈ ఏడేళ్ళలో నేను ఎత్తిన బకెట్లూ, మడిచిన దుప్పట్లూ, నిలబడి తిన్న అన్నాలూ అన్నీ దాని మొహంలో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు కనిపించింది. నేను తీసుకెళ్తానత్తయ్యా, ఇప్పుడే సెలవు పెడతాను, మామయ్యగారికి ఏమీ చెప్పొద్దు, నా నంబరు ఇద్దాం, అంది.

ఎంత మంచి పిల్ల. కానీ నాకు ఆ మాట కూడా గొంతు దిగలేదు. ఆయన నంబరు పోయి దాని నంబరు వస్తుంది. నేను మాత్రం మళ్ళీ ఎవరో చెబితే తెలుసుకునే మనిషిని. "నువ్వు మధ్యాహ్నం నీ మేనేజరు సంగతి చూసుకో," అన్నాను. "నాకు బస్సెక్కడం వచ్చు."

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. మా స్టాపుకి రెండు ముందర ఆసుపత్రి స్టాపు. వేల సార్లు దాటాను దాన్ని, ఇతరుల కోసం దిగాను, మా మామగారి దగ్గు, అబ్బాయి జ్వరం, మా ఆయన కంటి ఆపరేషను. బస్సు ఆగింది. కమ్మీ పట్టుకునే ఉన్నాను. డ్రైవరు తలుపు మూయబోతుంటే, ఆగు నాయనా, అని దిగాను.

కౌంటరు ముందు పన్నెండు మంది ఉన్నారు. వరసలో నిలబడ్డంత సేపూ వెనక్కి వెళ్ళిపోవడానికి కారణాలు వెతికాను. వెనకాల ఇద్దరు మగవాళ్ళున్నారు, వాళ్ళు వింటారు. బట్ట మార్చుకుని చాలాసేపయింది. పొద్దున్న వండినది వేడిచేసి పెట్టేవాళ్ళు లేరు, ఆయన ఆకలితో ఉంటారు. ఒక్కో కారణానికి ఒక్కో అడుగు ముందుకే జరిగాను, వెనకనుంచి తోస్తున్నారు మరి. నా వంతు వచ్చింది.

అద్దం వెనక కూర్చున్నావిడ తలెత్తకుండానే ఏం ఇబ్బందమ్మా అంది.

"గర్భసంచి జారింది. పదకొండేళ్ళయింది."

వెనక ఎవరో దగ్గారు. ఆవిడ రాసుకుంది. అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఇలాంటివాళ్ళు రోజూ పదిమంది వస్తారమ్మా, ఒకోసారి ఆపరేషను కూడా అక్కర్లేదు, అంది, పప్పుల ధర చెప్పినట్టు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత చిన్న మాటకా పదకొండేళ్ళు.

"ఫోన్ నంబరు?"

"లేదమ్మా."

"ఇంట్లో ఎవరిదైనా చెప్పండి. మీ వారిదో, అబ్బాయిదో."

పది అంకెలూ నాలిక చివరికి వచ్చేశాయి. మొదటి మూడూ పెదాలు దాటబోయాయి కూడా. పళ్ళు బిగించాను.

"వద్దు. నాకే చెప్పండి. మీ ఎదురుగా నిలబడే ఉన్నాను కదా."

అప్పుడు తలెత్తింది ఆవిడ. కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసింది. ఒక చీటీ మీద చేత్తో రాసి, ముద్ర వేసి, అద్దం కింద నుంచి జరిపింది. బుధవారం, పదకొండు.

ఇంటికి వెళ్ళేసరికి మూడయింది. ఆయన టీవీ ముందున్నారు, ఉదయం నేను వండిపెట్టి వెళ్ళింది వేడిచేసుకోకుండా తిన్నట్టున్నారు, కంచం బల్ల మీదే ఉంది. కంచం తియ్యలేదు నేను. చీటీ ఆ పక్కన పెట్టాను.

"బుధవారం పదకొండింటికి నేను ఆసుపత్రికి వెళ్తున్నాను," అన్నాను.

ఇదేమిటి మళ్ళీ, పొద్దున్న రద్దు చేశాను కదా, అని చీటీ దూరంగా పట్టుకుని చదివారు. ఆడవాళ్ళ డాక్టరుతో నీకిప్పుడేం పని అన్నారు. నిలబడే చెప్పాను. మూడో అంతస్తు, ఎనిమిది బకెట్లు, స్నానాలగది, పాతబట్టలు, అన్నీ. ఒక్కటి కూడా వదల్లేదు, గొంతు తగ్గించలేదు. మధ్యలో ఆయన టీవీ గొంతు తగ్గించారు. తర్వాత పూర్తిగా కట్టేశారు. నేను చెప్పడం అయిపోయాక చీటీనే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. తల ఎత్తినప్పుడు ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది. అది నటన కాదు, నాకు తెలుసు ఆ మొహం.

"పదకొండేళ్ళు," అన్నారు. "నాకొక్క మాట చెప్పలేదేమే? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"ఇవాళ పొద్దున్న చెప్పానండీ," అన్నాను. "మీరు రద్దు చేశారు."